పదకొండో మనిషి

ఆ ఆదివారానికి ఉపేందర్ వేసిన పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున పదింటికి గోదావరిఖని నుంచి బయలుదేరాలి. పన్నెండింటికల్లా కరీంనగర్ చేరి బిర్యానీ తినాలి. రెండున్నరకు నాటకం చూసి, అయిదింటికి దర్శకురాలిని కలిసి, ఎనిమిదింటికి ఎవరింట్లో వాళ్లు అన్నం ముందు కూర్చోవాలి. బొగ్గు గనుల ఏరియా ఆఫీసులో గుమాస్తాగా పదిహేనేళ్లు పనిచేసిన శ్రద్ధతో ఇదంతా తెల్లకాగితం మీద రాసి, ఫొటో తీసి, మిగతా ఇద్దరి ఫోన్లకూ పంపాడు. మనిషన్నాక పథకం వేసుకోవాలి కానీ, అందులోకి రాయమల్లును కలుపుకునేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

రాయమల్లు బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టులో తన కింద పనికి దిగిన వాళ్లంతా క్షేమంగా పైకి వచ్చేదాకా బాధ్యత అతనిదే. పద్దెనిమిదేళ్లుగా దిగినవాళ్లను, ఎక్కినవాళ్లను లెక్కపెట్టీ పెట్టీ అది అతనికి చేతి పని కాదు, ఒంటి గుణమైపోయింది. పెళ్లికి బస్సు కడితే అతను తలలు లెక్కపెట్టి ఊ అన్నాకే డ్రైవరు కదుపుతాడు. ఒకసారి సినిమా హాల్లో విశ్రాంతి తర్వాత ముందు వరుసలో ఇద్దరు తగ్గారని లేచి వెళ్లి గేటు దగ్గర ఫిర్యాదు చేశాడు. వాళ్లు సినిమా నచ్చక ఇంటికి పోయారని తేలింది. అయినా వాళ్లు ఇల్లు చేరినట్టు తెలిసేదాకా అతనికి సినిమా ఎక్కలేదు.

అందుకే ఉపేందర్ భయం ఉపేందర్‌ది. అతనికి నాటకాలంటే పిచ్చి. తమ గోదావరిఖనిలో పాటకు కరువు లేదు, డప్పుకు కరువు లేదు, ఒక మంచి నాటకం వచ్చి పోయి మాత్రం ఏళ్లయిందని అతని బాధ. కరీంనగర్‌లో సంధ్యారాణి అనే దర్శకురాలు నడిపే నాటక సంస్థను ఎలాగైనా రప్పించాలని రెండేళ్లుగా ఫోన్లు చేస్తున్నాడు. చివరికి ఆవిడ మెత్తబడి, ముందు మీరొచ్చి మా నాటకం చూడండి, అయ్యాక మాట్లాడుకుందాం అంది. రెండేళ్ల ఆశ ఆ ఒక్క ‘అయ్యాక’ మీద నిలబడి ఉంది.

కారు ఎక్కే ముందు ఉపేందర్ రాయమల్లు చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, ఈ ఒక్కపూట నువ్వు సర్దారువు కావు. లెక్కలు గిట్ల పెట్టకు. మేడం ముందట నా ఇజ్జత్ పోతది.”

లెక్కపెట్టనని రాయమల్లు మాట ఇచ్చాడు. గేటు దగ్గర నిలబడిన అతని భార్య శోభ, మాట ఇచ్చేటప్పుడు ఆయనంత మంచి మనిషి లేడని ఉపేందర్‌తో చెప్పి లోపలికి పోయింది. కారు వజీర్‌ది. బస్టాండు వెనక మెకానిక్ షెడ్డు అతనిది. నాటకం అంటే ఏమిటో ఎన్నడూ చూడలేదు కానీ, స్నేహితులు పోతుంటే తాను షెడ్డులో కూర్చోవడం వజీర్‌కు చేతకాని పని. పెద్దపల్లి దాటి, సుల్తానాబాద్‌లో చాయ్ తాగి, కాగితంలో రాసిన దానికంటే పది నిమిషాలు ముందే కరీంనగర్ చేరారు. బిర్యానీ కూడా బాగుంది. అప్పుడే అనుమానించాల్సింది.

హాలు చిన్నదే, మూడు వందల కుర్చీలుంటాయి. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోగానే రాయమల్లు చెయ్యి టోపీ లైటు కోసం తనంతట తానే నుదుటి మీదికి పోయింది. అక్కడ జుట్టు తప్ప ఏమీ తగలలేదు. బాయిలోని చీకటి అతనికి పుట్టింటి లాంటిదే కానీ, మూడు వందల మంది నోళ్లు మూసుకొని కలిసి కూర్చున్న చీకటి కొత్త. అందులోంచి ఒక ముసలివాడి దగ్గు వినిపించింది. తర్వాత సన్నటి వెలుగు పడింది. ఆ వెలుగులో ఒక ఎండిన బావి, బావి గట్టు మీద ఆ ముసలివాడు.

చిన్నప్పుడు ఊళ్లో చిందు భాగోతాలు చూసినవాడే రాయమల్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా సినిమాలు, టీవీ, ఇప్పుడు ఫోను. తెర మీద సముద్రాలు పొంగినా కొండలు కూలినా పల్లీలు నములుతూ చూసిన మనిషి, ముసలివాడు మాట్లాడబోయే ముందు గుటక మింగడం చూసి నమలడం మానేశాడు. ఆ గుటక నిజం. ఆ మెడ నరం నిజం. వీళ్లు గనక మాట మరిచిపోతే ఎట్లా, ఆపి మళ్లీ తీయడానికి లేదు కదా అని పక్కన వజీర్ గుసగుసలాడాడు. పరాయివాళ్ల పరీక్షకు తాము భయపడుతున్నట్టు ఇద్దరూ కుర్చీ చేతులు పట్టుకొని కూర్చున్నారు.

కరువులో ఊరంతా వలస పోతుంటే, ముసలివాడు పాత బావిలో ఊట ఉందని పట్టుబడతాడు. మూడో రంగంలో గునపం భుజాన వేసుకొని, వేదిక నడుమనున్న బావిలో నిచ్చెన వేసి, నిజంగానే మెట్టు మెట్టు కిందికి దిగిపోయాడు. మోకాళ్లు, నడుము, భుజాలు, చివరికి తలపాగా. బావిలోంచి తెల్లటి పొగ మెల్లగా లేచింది. రోజూ మనుషుల్ని నేలలోకి దింపే మనిషికి, ఒక మనిషి నేలలోకి దిగడం ఇంత గొప్ప సంగతని ఆ క్షణం దాకా తెలియదు. తర్వాత విచారణకు ఒక లావుపాటి ఆఫీసరు వచ్చాడు, కేకలేశాడు, పోయాడు. ముసలివాడు మాత్రం రాలేదు. ఆఖరి రంగంలో పొగ బావి నిండి, పొర్లి, వేదికంతా పరుచుకుంది. నీళ్ల చప్పుడు వినిపించింది. ముసలివాడి పెళ్లాం బావి గట్టు మీద కూలబడి, వచ్చిన నీళ్లను చూసి నవ్వాలో రాని మనిషి కోసం ఏడవాలో తెలియక, రెండూ చేసింది. ఉపేందర్ పక్కకు తిరిగి చూస్తే రాయమల్లు కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి ఏడుస్తున్నాడు.

అంతా అయ్యాక బావి గట్టు తీసేసి, వేదికలో మిగిలిన గుంత నోటి మీద చెక్క మూత వేశారు. సంధ్యారాణి నటీనటులను పేరుపేరునా పిలిచింది. అందరూ వరసగా నిలబడి దండం పెట్టారు. ఆ వెంటనే వేదిక నడుమ సోఫా వేసి ముఖ్య అతిథిని కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆయన కూర్చొనే మైకు అందుకొని పది నిమిషాలు మాట్లాడాడు, ఎందుకో హుషారొచ్చి ఇంకో అయిదు నిమిషాలు పొడిగించాడు. ఆయన వెళ్లిపోయాక జనం లేచి గుమ్మాల వైపు కదిలారు. రాయమల్లు మాత్రం లేవలేదు. లెక్కపెట్టనని మాట ఇచ్చింది అతని నోరు, కళ్లు ఇవ్వలేదు.

“ఉపేందరూ, ఆడింది పదకొండు మంది. దండం పెట్టింది పది మందే. ముసలాయన రాలె.”

“నాటకంల సచ్చిపోయిండు కదన్నా.”

“నాటకంల సచ్చిండని నాకు తెల్వదా? ఆడినాయన సావలె కదా. అందరం సూస్తుండంగ కిందికి దిగిండు. ఎక్కినట్టు ఎవరన్న సూసిన్రా? పొగ సుత ఉండె.”

వెనక నుంచి పోయి మొహం కడుక్కుంటూ ఉంటాడని ఉపేందర్ అన్నాడు. ఉండొచ్చు, చూసి పోదామని రాయమల్లు అన్నాడు. అవతల మేడం ఎదురుచూస్తుంటుందని ఉపేందర్ బతిమాలాడు. రాయమల్లుకూ ఆ సంగతి తెలుసు. తమ్ముడిలాంటివాడి రెండేళ్ల ఆశ చెడగొట్టాలని అతనికేం సరదా లేదు. కానీ కాళ్లు కదలలేదు. పాతికేళ్ల కింద, బొగ్గు ఎత్తే కూలీగా ఉన్నప్పుడు, ఒక షిఫ్టు చివర అతను పక్క సొరంగంలో సొమ్మసిల్లి పడిపోయాడు. అందరూ పైకొచ్చి స్నానాలు చేస్తున్నారు. టోపీ లైట్లు తిరిగి పెట్టే ల్యాంప్ రూములో ఒక గూడు ఖాళీగా ఉండడం చూసి, కొమురెల్లి అనే సర్దారు ఒక్కడే తిరిగి లోపలికి దిగి అతన్ని మోసుకొచ్చాడు. అందరూ వచ్చే ఉంటారని ఆ రోజు కొమురెల్లి కూడా అనుకొని ఉంటే, ఈ రోజు నాటకం చూడడానికి రాయమల్లు ఉండేవాడు కాదు.

ఇంతలో హాలు కాపలాదారు పోశం ఫ్యాన్లు ఆపుతూ వచ్చి, ఇక లేవాలన్నాడు. అన్న లేవడని వజీర్‌కు అర్థమైంది. ఒక్క అయిదు నిమిషాలు సంపాదించి పెడదామనుకొని, సార్ తనిఖీ కోసం వచ్చారని పోశం చెవిలో వేశాడు. దేని తనిఖీ అని పోశం అడగలేదు. మధ్యాహ్నం వేదిక వెనక తాను కాల్చిన రెండు బీడీలు అతనికి గుర్తున్నాయి. పరుగెత్తి వెళ్లి హాలు మేనేజరుకు చెప్పాడు. మేనేజరు హాల్లో ఉన్న దీపాలన్నీ వేయించి, ఎక్కడో మూలనున్న ఇసుక బకెట్లు తెప్పించి గుమ్మాల దగ్గర పెట్టించి, రాయమల్లుకు చాయ్ పంపాడు.

బయటికి పోతున్న జనం దీపాలు వెలగడం, బకెట్లు రావడం, ఒక పెద్దమనిషి చాయ్ గ్లాసుతో వేదిక ఎక్కడం చూశారు. నాటకం ఇంకా ఉందనుకొని, ముందు తెలియక లేచినందుకు నొచ్చుకొని, తిరిగొచ్చి బుద్ధిగా కూర్చున్నారు. వేదిక వెనకకు వార్త చేరేసరికి అది ఇంకాస్త పెరిగింది. ఎవరో పెద్దాఫీసరు వచ్చి ఇక మీద నాటకమే ఆడకుండా చేస్తున్నాడని విన్న సంధ్యారాణి, పది మంది నటులను వెంటేసుకొని వచ్చింది. రాయమల్లు పక్కనున్న ఉపేందర్‌ను పట్టుకొని ఈయన ఎవరని అడిగింది.

నాకు తెలియదు అనే మాట ఉపేందర్ నాలుక కొస దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. “మా అన్న మేడం. బాయిల సర్దారు. మీ దాంట్ల ఒక మనిషి తక్కువైండంటున్నడు.”

సంధ్యారాణికి కోపం పోయి నవ్వొచ్చింది. ముసలివాడు, ఆఫీసరు వేర్వేరు మనుషులు కారని, రెండు వేషాలూ సంపత్ అనే నటుడే వేశాడని, బావిలో దిగి వేదిక కింది నుంచి పక్క తలుపు గుండా బయటికి వచ్చి వేషం మార్చుకుంటాడని ఓపికగా చెప్పింది. రాయమల్లు ఆఫీసరు వేషంలో ఉన్న సంపత్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు. ముసలివాడు వెదురుబద్ద, ఈయన బస్తా. ముసలివాడి గొంతు వేరు, నడక వేరు, చూపు వేరు. నన్ను చిన్నపిల్లవాణ్ణి చేస్తున్నారా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నటుడికి అంతకంటే పెద్ద శాలువా ఎవరు కప్పుతారు? సంపత్ ఉబ్బిపోయి, ఇప్పుడే చూపిస్తానని లోపలికి ఉరికాడు. రెండు నిమిషాల్లో కోటు, పొట్టకు కట్టిన దిండు విప్పేసి, తలపాగా చుట్టి, ఆ దగ్గు దగ్గుతూ వేదిక మీదికి వచ్చాడు. అదే నడుము వంపు, అదే మెడ నరం. రాయమల్లు చేతులు జోడించాడు. సంతోషంతో అందరినీ మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ పదే వచ్చింది.

“ముసలాయన దొరికిండు, మంచిగైంది. మరి ఆఫీసరు ఏడి?”

హాలంతా గొల్లుమంది. సంపత్ మళ్లీ లోపలికి పోయి ఆఫీసరై వచ్చాడు. జనంలో సగం మంది ఇప్పుడు ముసలివాడేడని అరిచారు. అప్పటికి వాళ్లు కూడా లెక్కపెడుతున్నారు. చివరికి సంపత్ అందరి ముందే నిలబడి, ఒక చేత్తో మీసం పీకి, దిండు జార్చి, నడుము వంచి, ఆఫీసరు గొంతుతో మొదలుపెట్టిన మాటను ముసలివాడి గొంతుతో ముగించాడు. హాలు బిత్తరపోయింది. రాయమల్లు దగ్గరికి పోయి అతని చెంప తాకి చూశాడు. కళ్లముందే ఒక మనిషిలోంచి ఇంకో మనిషి నడిచి వచ్చాడు. బొగ్గులో నూరు విచిత్రాలు చూసిన అతనికి ఇది ఒక్కటి చాలనిపించింది. తన లెక్క తప్పిందని జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాడు. ఉపేందర్ ఊపిరి పీల్చుకొని మేడం వైపు ఒక అడుగు వేశాడు.

“ఒక్కటి అడుగుత సార్, ఏమనుకోకున్రి” అన్నాడు రాయమల్లు సంపత్‌తో. ఉపేందర్ అడుగు అక్కడే ఆగింది. “మీరు దిగేటప్పుడు నిచ్చెన ఇసుమంత కదలలె. నేను సూసిన. పట్టుకునే మనిషి లేకుంట నిచ్చెన గట్ల నిలవడదు. కింద ఎవరుండె?”

“ఎల్లేశం కాక” అన్నాడు సంపత్. “నిచ్చెన పట్టుకుంటడు, పొగ సుత ఆయనే ఏస్తడు.”

“ఆయన ఏడి?”

ఎల్లేశం ఎక్కడని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పన్నెండేళ్లుగా ప్రతి నాటకానికీ అతనే కింద. దండం పెట్టడానికి వేదిక మీదికి ఎన్నడూ రాలేదు, రమ్మని ఎన్నడూ ఎవరూ పిలవలేదు. అందుకే అతను కనిపించకపోవడం ఎవరికీ కొత్తగా అనిపించలేదు. సంధ్యారాణి మొహం తెల్లబోయింది. అప్పుడు పోశం వెనక నుంచి, పక్క తలుపులోంచి పొగ వరండాలోకి వస్తుంటే మేనేజరు తిడతాడని తానే బయటి నుంచి గొళ్లెం పెట్టానని చెప్పాడు. పై మూత మీద సోఫా ఉంది.

ఆ తర్వాత ఎవరు దర్శకులన్నది ఎవరూ అడగలేదు. రాయమల్లు గొంతు మారింది. సోఫా పక్కకు తోయించాడు, మూత ఎత్తించాడు, పక్క తలుపు తెరిపించాడు. దూకబోయిన సంపత్‌ను రెక్క పట్టి ఆపాడు. అది వేడి నీళ్లలో డ్రై ఐసు ముక్కలు వేసి పుట్టించే పొగ, బరువుగా నేలనే పట్టుకొని ఉంటుంది, వంగి పీల్చినవాడు అక్కడే పడతాడు. బాయిల్లో అలాంటి చెడుగాలి సంగతి అతనికి తెలుసు. “మొదలు గాలి, తర్వాత మనిషి” అన్నాడు. వజీర్ ముందు వరుస పక్కనున్న పెద్ద ఫ్యాను ఎత్తుకొచ్చి తలుపు దగ్గర పెట్టి, పొడవు చాలని వైరును చిటికెలో అతికించి తిప్పాడు. పొగ కదిలి పై మూతలోంచి బయటపడింది. రాయమల్లు తడిగుడ్డ మొహానికి కట్టుకొని, నడుముకు తాడు కట్టించుకొని లోపలికి పోయాడు. మూడు వందల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. వాళ్లలో చాలామంది ఇంకా దాన్ని నాటకమనే అనుకుంటున్నారు.

ఎల్లేశం నిచ్చెనకు ఆనుకొని కూలబడి ఉన్నాడు. తల రెండో మెట్టు మీద, నేల పట్టిన పొగకు కాస్త పైన ఉండడం అతని అదృష్టం. వరండాలోకి తెచ్చి పడుకోబెట్టి, మొహాన నీళ్లు చల్లి గాలి ఆడనిచ్చారు. కాసేపటికి కళ్లు తెరిచాడు. అరవై ఏళ్ల బక్క మనిషి, తన చుట్టూ ఇంతమంది ఉండడం చూసి బెదిరిపోయాడు. సంధ్యారాణిని గుర్తుపట్టి లేవబోయాడు.

“పొగ మంచిగొచ్చిందా మేడం?”

సంధ్యారాణి నేల మీదే కూర్చొని ఏడ్చేసింది. రాయమల్లుకు మధ్యాహ్నం నుంచి చూసిన అద్భుతాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఎల్లేశం కాస్త తేరుకున్నాక సంగతి చెప్పాడు. ఊపిరి ఆడక మూతను గునపంతో దడదడ కొట్టాడట. పైన ముఖ్య అతిథి, జనం కాళ్లతో తాళం వేస్తున్నారనుకొని ఉపన్యాసం పొడిగించాడని అప్పుడు అందరికీ తెలిసింది.

దవాఖానకు పోయేముందు ఎల్లేశాన్ని నటులంతా పట్టుకొని ఒక్క నిమిషం వేదిక మీదికి తెచ్చారు. ఎట్లా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. పక్కవాళ్లను చూసి దండం పెట్టాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు ఎంతకూ ఆగలేదు. కింద రాయమల్లు మాత్రం చప్పట్లు కొట్టకుండా వేలు ఒక్కొక్కరి వైపు చూపుతూ పెదవులు కదిపాడు. పదకొండు. అప్పుడు గానీ అతని భుజాలు కిందికి దిగలేదు.

దవాఖాన దగ్గర, గోదావరిఖనికి తప్పకుండా వస్తామని సంధ్యారాణి ఉపేందర్‌కు మాట ఇచ్చింది. రెండేళ్లు ఫోన్లు చేసినా రాని మాట అడక్కుండానే వచ్చింది. అయితే ఆవిడ ఒక షరతు పెట్టింది. ఎల్లేశానికి డాక్టరు నెల రోజులు విశ్రాంతి తీసుకోమన్నాడు, కాబట్టి కింది పని నమ్మకమైన మనిషే చూడాలంది. అలా చెబుతూ చూసిన చూపు రాయమల్లు మీద ఉంది. ఆ నాటకం ఇంకొక్కసారి చూడడం కోసం అతను ఒక నెల జీతమైనా వదులుకునేవాడు, కిందుంటే ఆ చూడడమే కుదరదు. అయినా తల ఊపాడు. కింద మనిషి కావాలంటే కాదనడం అతనికి తెలియదు.

మూడు వారాల తర్వాత గోదావరిఖనిలో హాలు కిక్కిరిసి, కిటికీల దగ్గర కూడా జనం నిలబడి చూశారు. ఆఖరి రంగంలో పొగ ఎంత అందంగా పొర్లిందంటే ముందు వరుసలో ఉన్నవాళ్లు కాళ్లు పైకి పెట్టుకున్నారు. ఖని మొత్తంలో నాటకాలు తెలిసిన మనిషి ఇప్పుడు మీ ఆయనే కదా, ఇంత మంచి దానికి రాలేదేమని పక్కింటి లస్మవ్వ శోభను అడిగింది.

“వచ్చిండు” అంది శోభ, వేదిక మీద నుంచి చూపు తిప్పకుండా. “కింద డ్యూటీల ఉన్నడు.”